కిరోసిన్ కలిపిన చలికాలం

మొదటి మంచు చరియ మా ముందు పడింది. వెనక్కి పోదామని మావగారు లారీని రివర్సులో వంద గజాలు నడిపారో లేదో, రెండోది వెనక పడింది. మధ్యలో మేం ముగ్గురం మిగిలాం. స్టీరింగ్ దగ్గర మావగారు, పక్క సీట్లో నేను, సీట్ల వెనక ఉండే పడక మీద నాలుగేళ్ల నా కూతురు జిబెక్. అప్పుడు పగలు పదకొండు గంటలు.

బిష్కెక్ నుంచి నరీన్ పోయే దారిలో ఉన్న దోలోన్ కనుమలో ఇది కొత్తేమీ కాదు, ఏ చలికాలమైనా రెండు మూడు సార్లు జరుగుతూనే ఉంటుంది. కింద గేటు దగ్గర మనిషి మా బండిని చూశాడు కాబట్టి మేం పైన ఉన్నామని వాళ్లకు తెలుసు. అవతలి వైపు ఒత్తుక్ ఊరి నుంచి మంచు తోసే బండి బయల్దేరుతుంది, సాయంత్రానికి దారి తెరుస్తుంది. అంతదాకా చేయాల్సింది ఒక్కటే, ఇంజన్ ఆపకుండా కూర్చోవడం. ఇంజన్ నడిచినంతసేపు కేబిన్ వెచ్చగా ఉంటుంది. ఆగిందా, మైనస్ ఇరవై ఎనిమిదిలో ఒక గంట తట్టుకోవచ్చు, మహా అయితే గంటన్నర. పడుకునేటప్పుడు వాడే చిన్న హీటరు మా లారీలో రెండేళ్ల కిందటే పాడైంది. నడిచి దిగిపోదామంటే పద్నాలుగు కిలోమీటర్లు, మోకాలు దాటిన మంచు, పైనుంచి ఇంకా ఏం పడుతుందో తెలియదు. మేమిద్దరం ఎలాగో తట్టుకుంటాం. జిబెక్‌కి వారం కిందట బిష్కెక్‌లో అపెండిక్స్ తీశారు. నిన్న సాయంత్రమే ఆస్పత్రి నుంచి పంపారు. దాని పొట్ట మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఒళ్లు చల్లబడనివ్వొద్దని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

ఇంజన్ బాగుంటే నేను హాయిగా ఒక కునుకు తీసేదాన్ని. కానీ అది ఊగుతోంది.

బండి నిలబెట్టినప్పుడు ఇంజన్ ఒకే తీరున చప్పుడు చేయాలి, పక్కనున్నవాళ్లు దాన్ని మరిచిపోవాలి. మా లారీ మరిచిపోనివ్వదు. నిమిషానికి ఎనిమిదొందల చుట్ల దాకా లేస్తుంది, అక్కడ కాసేపు తటపటాయిస్తుంది, ఐదొందలకు జారుతుంది. స్టీరింగ్ వణుకుతుంది, అద్దాలు గడగడమంటాయి, ఇక అయిపోయిందనుకునేలోపు మళ్లీ ఎగబాకుతుంది. ఈ జబ్బు నాకు నవంబరు నుంచి తెలుసు. ఎందుకొచ్చిందో కూడా తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాను.

నేను నరీన్‌లో డీజిలు పంపులు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తాను. మా అమ్మ సోవియట్ రోజుల్లో ట్రాక్టర్ల పంపులు సరిచేసేది, ఆ బల్ల కిందే పాకి నడక నేర్చాను. పంపు విప్పకుండానే చప్పుడు విని సగం రోగం చెప్పగలను. పెద్ద పెద్ద మీసాల డ్రైవర్లు నా మాట కోసం టోపీ తీసి నిలబడతారు. ఇంటికొస్తే మాత్రం నేను కోడలిని. మా ఇళ్లలో కోడలు మావగారి పేరు పలకకూడదు. అందుకే మీకు కూడా చెప్పడం లేదు. ఆయనకు వీపు చూపకూడదు, ఆయన ముందు కాళ్లు చాపకూడదు, ఆయన కూర్చునే చోట కూర్చోకూడదు, గొంతు పెంచకూడదు. అన్నిటికంటే ముందు, ఆయన చేసేదాన్ని తప్పనకూడదు. లారీ కేబిన్‌లో ఇవన్నీ పాటించాలంటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మోకాళ్లు తలుపు వైపు తిప్పుకుని, మెడ ఇటు తిప్పుకుని, తలగుడ్డ జారకుండా ఒక చెయ్యి అక్కడే పెట్టుకుని కూర్చున్నాను. గంట తిరిగేసరికి నడుం పట్టేసింది.

మావగారు నలభై ఏళ్లు పాత రష్యన్ లారీలు నడిపారు. అప్పట్లో అందరూ చలికాలం డీజిల్లో కిరోసిన్ కలిపేవారు. చలికి డీజిలు మైనంలా గడ్డకడుతుంది, కిరోసిన్ దాన్ని పలచగా ఉంచుతుంది. ఆ పాత పంపులు మొండివి, ఏం పోసినా తాగేవి. ఇప్పుడున్న ఈ చైనా లారీ అలాంటిది కాదు. దీని పంపు పక్కన బొటనవేలంత వాల్వ్ ఒకటుంటుంది. ఎంత డీజిలు లోపలికి పోవాలో కొలిచి వదిలేది అదే. కంప్యూటరు చెప్పినట్టు దాని లోపల సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ కడ్డీని జారేలా ఉంచేది డీజిల్లో ఉండే జిడ్డే. కిరోసిన్‌లో జిడ్డు ఉండదు. పోసినకొద్దీ కడ్డీ గీసుకుపోతుంది, గీసుకున్న చోట పట్టేస్తుంది. రోడ్డు మీద పోతున్నప్పుడు వాల్వ్ బార్లా తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. బండి నిలబెట్టినప్పుడు మాత్రం అది వెంట్రుకవాసి తెరుచుకుని, అక్కడే కదలకుండా ఉండాలి. అక్కడ పట్టేస్తే డీజిలు చాలక ఇంజన్ కుంగుతుంది. కంప్యూటరు గట్టిగా తోస్తుంది, కడ్డీ ఒక్కసారి విడిపోయి ఎక్కువ తెరుచుకుంటుంది, ఇంజన్ ఎగురుతుంది. మళ్లీ మూస్తుంది, మళ్లీ పట్టేస్తుంది. ఊగులాటంతా ఇదే.

డిసెంబరులో ఒకసారి భోజనాల దగ్గర చెప్పి చూశాను. "ఈ కొత్త బండ్లకి కిరోసిన్ పడదంట మావయ్యా" అన్నాను, ఎవరో అంటే విన్నట్టు. ఆయన చారు గిన్నె కింద పెట్టేసి లేచి వెళ్లిపోయారు. తర్వాత అత్తగారు వంటింట్లో నన్ను కడిగేసింది. "లారీ నడపడం మావకి నేర్పే కోడలు మా వంశంలో ఇంతవరకూ లేదమ్మా. ఆ వర్క్‌షాపు నాలుక వర్క్‌షాపులోనే వదిలేసి ఇంటికి రా" అంది. మా ఆయన పేరు ఎల్దియార్, గనిలో పనిచేస్తాడు, పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇంట్లో. ఆయనకు చెబితే "మా నాన్న సంగతి తెలిసిందేగా, వదిలెయ్" అన్నాడు. వదిలేశాను.

రాత్రి కొచ్కోర్ ఊళ్లో ఆగి, ఆ పొద్దున బయల్దేరాక కూడా మావగారు బండి ఆపి, ఇరవై లీటర్ల డబ్బా ఎత్తి టాంకులో పోశారు. నేను పక్క అద్దంలో చూస్తూ, జిబెక్ దుప్పటి సర్దుతున్నట్టు నటించాను.

"తాతా, లారీకి కూడా కడుపునొప్పా?" అని జిబెక్ పడక మీంచి అడిగింది.

"లేదు బంగారం. చలికి మూలుగుతోంది."

"దానికీ కొయ్యాలా?"

"ఛ, దాన్నెవరు కోస్తారు. నువ్వు పడుకో."

అరగంటకోసారి ఆయన పార పట్టుకుని దిగి, పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచు తీసి వచ్చేవారు. మంచు గొట్టాన్ని మూసేస్తే పొగ కేబిన్‌లోకి వస్తుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆ విషయంలో ఆయన జాగ్రత్తకు వంక పెట్టలేను. ఆయన దిగినప్పుడల్లా నేను కాళ్లు చాపుకునేదాన్ని. మా అవస్థల్లో ఇంకోటి కూడా ఉంది, చెప్పుకుంటే సిగ్గు. పొద్దుట తాగిన టీ నన్ను చంపుతోంది. పదకొండున్నరకు ఇక ఆగలేక, మాట్లాడకుండా తలుపు తీసుకుని లారీ వెనక్కి పోయి వచ్చాను. తిరిగొచ్చేసరికి మావగారు అటువైపు కిటికీలోంచి కొండను చూస్తున్నారు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. పాపం ఆయనా ఇరుక్కుపోయిన మనిషే.

పన్నెండున్నరకు ఇంజన్ ఆగింది. దగ్గు లేదు, హెచ్చరిక లేదు, కిందికి జారి పైకి లేవలేదు. అంతసేపూ ఆ ఊగులాటను తిట్టుకున్నదాన్ని, అది ఆగగానే మళ్లీ వస్తుందేమోనని చెవులు రిక్కించాను. మావగారు తాళం తిప్పారు. చాలాసేపు గింగిరాలు తిరిగి అందుకుంది.

ఆయన పెడల్ మీద కాలు పెట్టి వెయ్యి దగ్గర నొక్కి పట్టారు. అక్కడ ఊగులాట లేదు, కడ్డీ పట్టేసే చోటు దాటిపోయింది. కానీ అలా తొక్కి పెడితే డీజిలు ఎక్కువ తాగుతుంది. డీజిలు ముల్లు పావు టాంకు చూపిస్తోంది. ఎప్పటికొస్తారో తెలియని బండి కోసం అలా ఎంతసేపు తొక్కగలరు? పైగా ఆయనకు కుడి మోకాలు మంచిది కాదు. ముప్పావుగంట గడిచేసరికి కాలు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. నేను తొక్కుతానని చెప్పాలంటే ఆయన్ని ఆయన సీట్లోంచి లేపాలి. చెప్పలేదు.

ఒకటిన్నరకు ఆయన పెడల్ వదిలేసి, చుట్ల ముల్లు కాసేపు చూసి, "ఇప్పుడు పర్లేదు, నిలబడింది" అని పార పట్టుకుని దిగారు. గొట్టం మూసుకుపోతోంది, దిగక తప్పదు. ఆయన అలా వెనక్కి వెళ్లగానే ముల్లు ఐదొందల కిందికి జారింది. నాలుగొందల యాభై. లారీ మొత్తం వణుకుతోంది. నాకూ ఆ పెడల్‌కూ మధ్య ఒక చెయ్యంత దూరం. అటు జరిగి కాలు వేస్తే చాలు. ఆయన సీటు ఖాళీగా ఉంది, ఆయన కూర్చున్న చోట సీటు మీద పరిచిన గొర్రెతోలు ఇంకా నొక్కుకుపోయే ఉంది. నేను లేవబోయాను. కాళ్లు లేవలేదు. పదేళ్లుగా ఆయన చోట కూర్చోకుండా ఉండడం ఒంటికి అలవాటైపోయింది, బుర్ర చెప్పినా ఒళ్లు వినలేదు. రెండు క్షణాలు. ఇంజన్ ఆగిపోయింది.

ఆయన పరుగున వచ్చి ఎక్కి తాళం తిప్పారు. బ్యాటరీలు మూలిగి, బరువుగా మూడు నాలుగు సార్లు తిప్పి, నీరసపడ్డాయి. ఆయన తాళం మీంచి చెయ్యి తీసేశారు.

"ఇంకొక్కసారి తిరుగుతుంది. అంతే" అన్నారు. నాతో అన్నారో, తనలో తాననుకున్నారో.

పది నిమిషాలకే అద్దం లోపలివైపు మంచు పువ్వులు మొదలయ్యాయి. జిబెక్ ఊపిరి పొగలా కనిపించింది. నా దుప్పటీ, శాలువా దాని మీద కప్పాను.

"డీజిలు గడ్డకట్టింది" అని మావగారు దిగి, పక్క పెట్టెలోంచి కిరోసిన్ రెండో డబ్బా తీశారు. మూత తిప్పుతున్న చప్పుడు వినిపించింది. నేను దూకినంత పని చేసి దిగాను. ఆయన టాంకు దగ్గరికి వచ్చేసరికి నేను టాంకు మూత మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను.

"తప్పుకో అమ్మాయ్."

"పొయ్యనివ్వను మావయ్యా."

ఆయన నా మొహం వైపు చూశారు. పదేళ్లలో ఆయన అలా సూటిగా చూడ్డం అదే మొదలు.

"డీజిలు గడ్డకట్టిందని చెప్తున్నా, వినబళ్లేదా?"

"గడ్డకడితే దమ్ము చాలక మెల్లిమెల్లిగా ఆగిపోద్ది. ఇట్లా ఎగిరెగిరి పడదు. గడ్డకట్టింది డీజిలు కాదు, పట్టేసింది వాల్వ్. కిరోసిన్ పొయ్యబట్టే పట్టేసింది. ఇది కూడా పోస్తే ఇక వదల్దు."

"నువ్వు పుట్టకముందు నుంచి పోస్తున్నా నేను ఇది."

"ఆ బండ్లు వేరు."

"ఓహో, బండ్లు వేరు. కాలం వేరు. కోడళ్లు కూడా వేరు. మీ వర్క్‌షాపులో అందర్నీ ఇట్లాగే నిలబెట్టి పాఠాలు చెప్తావా?"

"చెప్తాను. వినేవాళ్లకి చెప్తాను."

అన్నాక నాకే భయమేసింది. ఆయన డబ్బా పట్టుకుని ఒక అడుగు ముందుకు వేశారు. నేను కదల్లేదు. ఆయన చెయ్యి నా చేతుల మీదికి వచ్చి ఆగిపోయింది. కోడల్ని ముట్టుకోకూడదు మరి. నన్ను పదేళ్లు కట్టిపడేసిన కట్టుబాటు ఆ ఒక్క క్షణం ఆయన్ని కట్టేసింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. వేళ్లు మూతకు అతుక్కుపోతున్నాయి, అదొక్కటే తెలుస్తోంది.

"ఆ వాల్వ్‌కి కరెంటు పోతే బార్లా తెరుచుకుపోద్ది. దాని తయారీయే అంత" అన్నాను. "ప్లగ్గు పీకేస్తే ఇక దానికి పట్టెయ్యడానికేం ఉండదు. డీజిలంతా లోపలికి పోద్ది, ఎక్కువైంది ఇంకో దారిన తిరిగి టాంకులోకి వస్తుంది. ఇంజన్ సుత్తులు కొట్టినట్టు మోగుద్ది గానీ ఆగదు."

"చూశావా ఎప్పుడైనా?"

"రెండుసార్లు."

"ఇదే ఇంజనా?"

"కాదు."

నిజమే చెప్పాను. అబద్ధం చెప్పి ఉంటే ఆయన వినేవారు కాదేమో. కేబిన్‌లోంచి జిబెక్ "అమ్మా, కాళ్లకి చలేస్తోంది" అంది. ఏడవలేదు, ఊరికే చెప్పింది. మావగారు సరే అనలేదు. డబ్బాని అక్కడే మంచులో వదిలేసి, కేబిన్ ఎక్కి, పిల్ల కాళ్లు చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టారు.

నేను ముందు చక్రం పక్కన మంచు తవ్వి, వెల్లకిలా పడుకుని లోపలికి దూరాను. పంపు కనిపిస్తోంది, దాని నడుం మీద వాల్వ్ కనిపిస్తోంది, రెండు తీగల ప్లగ్గు అటువైపు తిరిగి ఉంది. చేతి తొడుగుతో అందదు. తొడుగు తీసేశాను. చలికి ప్లాస్టిక్ రాయిలా ఉంది, కొక్కెం నొక్కితే విరిగింది, ప్లగ్గు మాత్రం రాలేదు. వర్క్‌షాపులో అయితే ఇది ముక్కు చీదినంత పని. అక్కడ పడుకుని నేను తెలిసిన బూతులన్నీ తిట్టాను, మా అమ్మ బల్ల దగ్గర విన్నవి కూడా. చివరికి గోరు ఒకటి లేచిపోయింది, ప్లగ్గు ఊడొచ్చింది.

ఎక్కి కూర్చుని, "ఇప్పుడు తిప్పండి. పెడల్ ముట్టుకోవద్దు" అన్నాను.

ఆయన నుదురు ఒకసారి స్టీరింగ్‌కు ఆనించి, బిస్మిల్లా అనుకుని తిప్పారు. బ్యాటరీలు ఒకసారి తిప్పాయి. రెండోసారి ఇంకా మెల్లిగా. మూడోసారి తిప్పుతాయని నేను అనుకోలేదు. తిప్పాయి. లోపల ఎవరో ఇనుప తలుపు బాదినట్టు ఒక దెబ్బ, దాని వెనకే ఇంకొకటి, తర్వాత అన్నీ కలిసి ఒకటే మోత. పళ్లు అదిరిపోయే మోత. ముందు అద్దం కింద ఎర్ర దీపం వెలిగింది. ముల్లు ఏడొందల యాభై దగ్గరికి వచ్చి, మేకు కొట్టినట్టు నిలబడింది.

నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలు కదల్లేదు. పది నిమిషాలు కదల్లేదు. హీటరు గాలి చల్లగా వచ్చి, గోరువెచ్చనై, వేడెక్కింది. అద్దం మీద మంచు పువ్వులు కారిపోయాయి. జిబెక్ చెవులు మూసుకుని, "తాతా, ఇప్పుడు దీనికి తలనొప్పి వచ్చింది" అంది. తర్వాత ఆ మోతలోనే నిద్రపోయింది. దారిలో తినడానికి తెచ్చుకున్న ఎండిన పెరుగు ఉండ ఒకటి నోట్లో వేసుకున్నాను. ఉప్పటి రుచి తగలగానే కళ్లు నిండాయి. చెప్పడానికి సిగ్గెందుకు, ఏడ్చాను.

గంట గడిచాక మావగారు మాట్లాడారు. ఆ మోతలో గట్టిగా అరిస్తేనే వినిపిస్తుంది. ఆయన అరవలేదు, నా వైపు కొంచెం వంగి చెప్పారు.

"నవంబరు నుంచి వింటున్నా నేను."

"ఏంటి మావయ్యా?"

"ఇది ఊగడం. కొచ్కోర్ మెకానిక్కి చూపించా. కిరోసిన్ పొయ్యడం మానెయ్, వాల్వ్ చెడింది, నరీన్‌లో మీ కోడలే ఉందిగా, ఆమె దగ్గర పెట్టు అన్నాడు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా మండిపోయింది.

"అంటే మీకు తెలుసా? తెలిసే పోశారా?"

"పోశా."

"ఈ పొద్దున కూడా?"

"మానేస్తే నువ్వు చెప్పింది విన్నట్టేగా." ఆయన చూపు ముందున్న మంచు గోడ మీదే ఉంది. "మీ వర్క్‌షాపులో అంతమంది డ్రైవర్లుంటారు. అందరూ నన్నెరిగినోళ్లే. అక్కడ లారీ పెట్టి, కోడలి ముందు నిలబడి, ఏమైందమ్మా దీనికి అని అడగాలి. అది ఊహించుకునే బండి అటు తిప్పలేదు."

అప్పుడు అరిచాను. పదేళ్లలో మొదటిసారి, ఆయన మొహం మీదే. "కడుపు కోసిన పిల్లని వెనక పడుకోబెట్టుకుని, కనుమ ఎక్కుతూ, తెలిసి తెలిసి పోశారా? మీ పరువు కోసమా? అది గడ్డకట్టి చచ్చిపోతే మీ పరువు దాని మీద కప్పుతారా?" ఇంకా చాలా అన్నాను. అత్తగారిని అన్నాను, ఎల్దియార్‌ని అన్నాను, వాళ్ల వంశాన్ని అన్నాను. ఆయన అంతా విన్నారు. నేను ఊపిరి కోసం ఆగినప్పుడు నా వైపు తిరిగారు.

"నువ్వూ విన్నావుగా" అన్నారు. "నిన్న ఆస్పత్రి గేటు దగ్గర నిలబెట్టినప్పుడు ఎట్లా ఊగిందో నాకంటే నీకే బాగా తెలుసు. మరి పిల్లనెత్తుకుని ఎందుకెక్కావమ్మా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగారు. ఆయనకు జవాబు కావాలి.

ఆస్పత్రి ఎదురుగా నరీన్ వ్యాన్లు నిలబడి ఉన్నాయి. డ్రైవరు "ఎక్కు అక్కా, రెండు సీట్లున్నాయి" అని పిలిచాడు కూడా. మావగారు అంత దూరం వచ్చి నిలబడ్డాక వ్యాన్ ఎక్కితే ఏం బాగుంటుంది అనుకున్నాను. లారీ ఇంజన్ లేస్తూ పడుతూ ఉంది, నేను వింటూ ఉన్నాను, వింటూనే పిల్లని పడక మీద పడుకోబెట్టాను. ఆయన కిరోసిన్ పోశారు. నేను పిల్లని ఎక్కించాను. తలుపు తీసుకుని ఎటైనా పోదామంటే ముందూ వెనకా మంచే. ఆ ప్రశ్నతో పాటు ఆ కేబిన్‌లో ఇంకో గంటన్నర కూర్చున్నాను. ఆయన మధ్యమధ్యలో దిగి గొట్టం దగ్గర మంచు తీసొచ్చారు.

నాలుగున్నరకు ముందున్న మంచు గోడ పైభాగం కదిలింది, దాని వెనక నారింజ రంగు దీపం తిరుగుతూ కనిపించింది. మంచు తోసే బండి దారి చేసుకుని వచ్చి ఆగింది. దాని డ్రైవరు, ఎసెన్‌కుల్ అనే బొద్దు మనిషి, మా మెట్టెక్కి అద్దం మీద కొట్టాడు.

"బతికే ఉన్నారా? ఈ మోతేంటి పెద్దాయనా, బండిలో కమ్మరి కొలిమి పెట్టారా?" లోపలికి తొంగిచూసి జిబెక్‌ని చూశాడు, నవ్వు ఆపేశాడు. "పాపనీ ఆవిణ్ణీ నా బండిలో పంపండి. లోపల స్నానాల గదంత వేడిగా ఉంది. మీరు నా వెనకే మెల్లిగా రండి. ఈ వాలకం చూస్తే మీ బండి కిందిదాకా వస్తుందో రాదో."

అడిగింది మావగారిని. నేను అలవాటుగా తల దించుకున్నాను.

"నడుస్తోందిగా" అన్నారాయన. "మా ఇంటికి మా బండిలోనే పోతాం."

అందులో అధికారం లేదు. బతిమాలినట్టుంది. కోడలూ మనవరాలూ పరాయివాడి బండిలో దిగితే, ఆయన ఒంటరిగా వెనక వస్తే, రేపు ఊళ్లో ఏమంటారో నాకూ తెలుసు. ఆ గొంతు విని నా మనసు మెత్తబడింది. మెత్తబడినా తలుపు తీశాను.

"నేను ఇందులో రాను మావయ్యా" అన్నాను, ఎసెన్‌కుల్ వింటుండగానే. దిగి, మెట్టు కింద నిలబడి చేతులు చాపాను. "దాన్ని అందించండి."

ఆయన స్టీరింగ్ మీంచి చేతులు తీశారు. తర్వాత వెనక్కి తిరిగి ఏదో సర్దారు, జిబెక్‌ని మూటలా ఎత్తి, పొట్టకు ఒత్తిడి తగలకుండా అరచెయ్యి నడుం కింద పెట్టి, నా చేతుల్లో పెట్టారు. నా మొహం వైపు చూడలేదు. తలుపు వేసుకున్నారు.

మంచు బండి కేబిన్ నిజంగానే ఉడికిపోతోంది. ఎసెన్‌కుల్ వెనక్కి తిప్పి దిగువకు పోనిచ్చాడు. రెండో మలుపు దాటాక జిబెక్ చెమట పట్టి కదిలింది, గాలి ఆడడానికి పైది విప్పబోయాను. అప్పుడు చూశాను, దానికి చుట్టింది నా శాలువా కాదు. మావగారి గొర్రెతోలు కోటు.

అద్దం దించాను. చలి కత్తిలా లోపలికి వచ్చింది.

"అక్కా, మూసెయ్. ఇప్పుడేగా చలిలోంచి వచ్చావ్" అన్నాడు ఎసెన్‌కుల్.

"ఉండనివ్వు. ఆయన ఒంటి మీద కోటు లేదు" అన్నాను. "వెనక ఆ మోత ఆగితే చెప్తాను, వెంటనే ఆపాలి."

జిబెక్ మొహం నా గుండెకేసి కప్పుకుని, చెవి బయటికి పెట్టుకుని, ఒత్తుక్ వచ్చేదాకా వింటూనే ఉన్నాను.